ఎదురింటివాళ్ళు చెప్పాలి

మా ఇల్లు పడగొట్టబోతున్నారని తెలిసినప్పటి నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. అంతకుముందు మాత్రం ఉందా అంటే లేదు, కాకపోతే అప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉండేది కాదు. విజయవాడలో నేనుండే ఫ్లాటులో హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతూనే ఉంటాను. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెడతాను. నర్సుగా పనిచేసినన్నాళ్ళూ కాళ్ళకి పట్టిన అలవాటని మోకాళ్ళ డాక్టరుతో చెబితే ఆయన నవ్వి, "రిటైరయ్యారు కదమ్మా, ఇప్పుడైనా వార్డు రౌండ్లు మానెయ్యండి" అన్నారు. మానెయ్యడం నా చేతిలో ఉంటే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తాను?

కబురు చెప్పింది సునీత. పల్లెలో మా ఎదురింటి రూతు వదిన చిన్నకూతురు. సివిల్ డిప్లొమా చదివి గన్నవరంలో ఒక బిల్డరు దగ్గర పనిచేస్తుంది. "అత్తయ్యా, మీ ఇంటి వంతు వచ్చింది. వెనక గోడ ఒరిగిపోయింది, ఇంక ఆపలేం. ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి. స్థలం మీది కాబట్టి కట్టాలో వద్దో మీరే చెప్పాలి," అంది ఫోన్లో. ఆ తర్వాత నవ్వుతూ, "కడితే తలుపు ఎటు పెట్టాలో మాత్రం మీరు చెప్పేది కాదు. అమ్మ చెప్పాలి" అంది. ఆమె నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు. అమ్మా నాన్నా పోయి ఏళ్ళయింది, ఇంటికి తాళం పడి ఏళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా మానేశారు. ఈ వయసులో నేను తెలుసుకోవాల్సింది ఒకటే మిగిలింది: మా పల్లె సందులోకి నాకో తలుపు ఇస్తారా, ఇవ్వరా.

కొన్నాళ్ళుగా మా పల్లెవాళ్ళు ఇళ్ళు తామే కట్టుకుంటున్నారు. ప్రభుత్వం హైవే అవతల లేఔటు వేసి, లాటరీ తీసి స్థలాలిస్తామంది. లాటరీ అంటే అత్త ఒక మూల, కోడలు ఒక మూల. చర్చి అయిపోయాక అక్కడే కూర్చుని చాలా ఆదివారాలు వాదించుకున్నారట. చివరికి ఉన్నచోటే కట్టుకుంటామని తేల్చి, ఆఫీసుల చుట్టూ తిరిగి ఒప్పించారు. ఎవరిల్లు వాళ్ళు విడిగా కట్టుకోవడం లేదు. ఒకే మేస్త్రీ, ఒకటే సామాను, ఒక ఇల్లు లేస్తుంటే అందరూ కూలీలే. పల్లెలో ఉండనివాళ్ళ స్థలం ఉండేవాళ్ళకి ఇవ్వాలని కూడా అనుకున్నారు. ఈ మాట సునీత మెల్లగా చెప్పింది, నాకు గట్టిగానే వినపడింది.

హనుమాన్ జంక్షన్లో బస్సు దిగి ఆటో ఎక్కాను. కాలువ గట్టు మీద ఆటో ఎగిరెగిరి పడుతుంటే నేను ముందుకు వంగి, ఇంకెంతసేపు అని పసిపిల్లలా అడుగుతూనే ఉన్నాను. "దూకి పరిగెత్తండి అమ్మగారూ, నాకన్నా మీరే ముందెళ్తారు," అన్నాడు ఆటో అబ్బాయి. వాడి మాటకి కోపం తెచ్చుకుందామనుకునేలోపే పల్లె వచ్చేసింది. ఇటుకల గుట్టలు, ఇసక, ఇనప చువ్వలు. మధ్యలో మా పెంకుటిల్లు, పెంకులు సగం ఊడి, రోడ్డుకి ఎదురుగా తలుపు పెట్టుకుని, మొత్తం పల్లెకి వీపు తిప్పుకుని నిలబడి ఉంది. ఆ వీపు కథ చెప్పకపోతే మిగిలింది ఎవరికీ అర్థం కాదు.

మా దగ్గర ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే రైతులది, పల్లె మాది. పల్లెలో రెండు వరసల ఇళ్ళు, మధ్యలో సందు. తలుపులన్నీ సందులోకే. రోడ్డు మీద పోయేవాళ్ళకి మా వెనక గోడలు, వాటికి కొట్టిన పిడకలు మాత్రమే కనిపించేవి. ఇల్లు కట్టేటప్పుడు తలుపు ఎక్కడ పెట్టాలో ఇంటివాళ్ళు చెప్పకూడదు, ఎదురింటివాళ్ళు చెప్పాలి. ఊళ్ళో వాస్తు చూసేవాళ్ళు, మా పల్లెలో ఎదురింటి ఆడమనిషిని పిలిచేవాళ్ళు. ఆమె తన గుమ్మంలో చాపేసుకుని కూర్చుని, "కొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు" అంటూ చెయ్యి ఊపేది. అక్కడ గుమ్మం లేచేది. ఎందుకంటే పొద్దున్నే ఆ తలుపు తెరుచుకుందా లేదా చూడాల్సింది ఆమె. తెరుచుకోకపోతే వెళ్ళి తట్టాలి. లోపల జ్వరమో, పురుడో, పస్తో, మొగుడు కొట్టి పడేశాడో, తెలుసుకోవడం ఆమె వంతు. ఆమె తలుపు సంగతి వీళ్ళ వంతు. అంతే, ఇందులో కవిత్వం ఏమీ లేదు. మనిషి పొద్దున లేచిందా లేదా అని ఇంకో మనిషి చూడటం.

మా ఎదురిల్లు కరుణమ్మ పెద్దమ్మది, రూతు వదినకి అత్తగారు. నేను మూడో క్లాసు చదివేదాకా మాదీ తాటాకు ఇల్లే. నేను కళ్ళు నులుముకుంటూ తలుపు తీస్తే పెద్దమ్మ నోట్లో వేపపుల్లతో ఎదురుగా కూర్చుని ఉండేది. "లేచావా దొరసానీ" అనేది. ఆ మాట పడందే నాకు తెల్లారేది కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సందంతా పెద్దకూర, అదే గొడ్డుమాంసం, ఉడికే వాసన, మసాలా నూరే రోళ్ళ చప్పుడు. ఒకరి పొయ్యిలో నిప్పు ఇంకొకరి పొయ్యిలోకి పోయేది. కొబ్బరాకు మీద నిప్పులు పట్టుకుని సందు దాటే పని నాది. పరిగెత్తకే అని ఇటునుంచి అమ్మ, పరిగెత్తకే అని అటునుంచి పెద్దమ్మ అరిచేవాళ్ళు. నేను పరిగెత్తేదాన్ని.

ఎవరిల్లు లేచినా పల్లెంతా అడుసు తొక్కేది. చెరువు మన్ను తెచ్చి, ఊకా గడ్డీ కలిపి నానబెడితే పుల్లటి వాసన వచ్చేది. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. మోకాళ్ళ దాకా చీరలు ఎగ్గట్టి ఆడవాళ్ళు వరసగా తొక్కుతూ చర్చి పాటలు పాడేవాళ్ళు, పాస్టరుగారు లేనప్పుడు చర్చిలో పాడకూడని పాటలు కూడా. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊళ్ళో సామెత చెప్పేవాళ్ళు. మా దగ్గర అడుసు తొక్కకపోతే ఇల్లే లేవదు, కాబట్టి ఆ సామెత మాకు పనికిరాలేదు.

మా నాన్న దేవదానానికి కాలువ మీద లస్కరు ఉద్యోగం. లాకుల దగ్గర నీళ్ళు వదలడం, ఆపడం. పల్లెలో సర్కారు జీతం తెచ్చుకున్న మొదటి మనిషి. నీళ్ళ కోసం రైతులు ఆయన దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళు. లాకుల దగ్గర "దేవదానం" అని పేరు పెట్టి పిలిచినవాళ్ళే రోడ్డు మీద ఎదురైతే ముఖం తిప్పుకునేవాళ్ళు. అది ఆయనకి లోపల గుచ్చుకుంటూ ఉండేది. పెంకుటిల్లు మొదలుపెట్టినప్పుడు తలుపు రోడ్డు వైపు పెడతానన్నాడు.

"కరుణమ్మక్కని పిలవకుండానే?" అంది అమ్మ.

"పిలిస్తే ఆమె ఏం చెప్తదో నాకు తెలీదా? రోడ్డుకి వీపు పెట్టుకుని కూచుంటే మనం ఉన్నామని ఎవడికి తెలుసుద్ది శాంతమ్మా? ఊళ్ళోవాళ్ళు మన గోడలు చూత్తా పోతన్నారు, మన మొకాలు చూడట్లేదు."

"ఆళ్ళు చూడకపోతే మనకేంటంట?"

"నాకుంది," అన్నాడు నాన్న.

ఆయన మాటలో తప్పుందని నేను ఇప్పటికీ అనలేను. ఒక మనిషి తన ముఖం చూడమని అడిగాడు, అంతకన్నా ఏం అడిగాడు? పల్లెవాళ్ళు కూడా తగువు పెట్టుకోలేదు. వచ్చి అడుసు తొక్కారు, ఇటుకలు మోశారు. ఇంటి ప్రార్థన రోజున అందరూ వరస చుట్టూ తిరిగి రోడ్డు మీదకి వచ్చి, మా కొత్త గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. పెద్దమ్మ అందరి వెనక వచ్చింది. గోడలు తడిమి చూసి, "ఇల్లు బాగుంది తమ్ముడా," అంది. "మరి పొద్దున్నే నిన్నెవరు చూత్తారు?" పెట్టిన ఉప్మా తిని ఆమె మళ్ళీ అంత చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మేం ఊరి ఎదుట బతకడం మొదలుపెట్టాం. ఒక రైతు ఎడ్లబండి ఆపి "ఇల్లు బాగా కట్టావు దేవదానం" అన్నాడు. ఆ మాట నాన్న వారం పాటు అమ్మకి చెప్పాడు. అమ్మ మాత్రం గుమ్మంలో తల దువ్వుకోవడం మానేసింది, ఎవరో చూస్తారని. పాటలు మానేసింది. ఒక ఆదివారం రోడ్డు మీద పోతున్న పాలేరు ఒకడు ముక్కు మూసుకుని మా ఇంటివైపు చూసి వెళ్ళాడు. ఆ పూటే నాన్న పెద్దకూర గిన్నెకి మూత పెట్టి, "ఇంక ఈ ఇంట్లో ఇది వండొద్దు" అన్నాడు. అమ్మ ఆదివారాలు పళ్ళెం తీసుకుని వరస చుట్టూ తిరిగి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని తినేది. నన్నూ తీసుకెళ్ళేది. నాన్న పప్పన్నం తిని రోడ్డు వైపు కుర్చీ వేసుకునేవాడు. మా ముగ్గురి ఆదివారం అలా రెండు ముక్కలైంది.

ఇక నా సంగతి. ముందు గుమ్మంలో కూర్చుంటే వెనక సందులో ఎవరో నవ్వుతున్నట్టుండేది. పరుగున చుట్టూ తిరిగి సందులోకి వెళ్తే, రోడ్డు మీద కొత్తగా ఏదో బండి పోతున్నట్టుండేది. మళ్ళీ పరుగు. వరస చుట్టూ తిరిగి తిరిగి నా కాళ్ళ గుర్తులతో అక్కడ ఒక కాలిబాట పడింది. అందుకని డాక్టరుతో చెప్పింది పూర్తి నిజం కాదు. నర్సు ఉద్యోగం నా కాళ్ళకి జీతం మాత్రమే ఇచ్చింది, తిరుగుడు అంతకుముందే నేర్చుకున్నాను.

ఒక వానాకాలం నాన్న లాకుల దగ్గరికి, నేను బడికి వెళ్ళాక అమ్మకి చలిజ్వరం వచ్చి వంటింట్లో పడిపోయింది. సాయంత్రం నేను వచ్చేదాకా అలాగే పడి ఉంది. రోడ్డు మీద ఎంతమంది పోయారో. తలుపు తీసే ఉంది. ఒక్కరూ లోపలికి తొంగి చూడలేదు, చూడాల్సిన వంతు వాళ్ళది కాదు మరి. గోడ అవతల, నాలుగు బారల దూరంలో పెద్దమ్మ బియ్యం చెరుగుతూ కూర్చుని ఉందట. తెలిసి ఆమె ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. అమ్మ బతికింది. లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు రోకలి తీసుకుని వెనక గోడని ధనధనా బాదింది. అవతల నుంచి పెద్దమ్మ "ఆఁ" అంది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే అదే పని. నాన్న ఆ చప్పుడు విననట్టు ఉండేవాడు. గోడకి సున్నం పెచ్చులూడితే మాత్రం మాట్లాడకుండా తనే మెత్తేవాడు. మా నాన్న క్షమాపణ అడగడం నేను చూసింది అంతే.

ఇవన్నీ మనసులో తిరుగుతుండగా సునీత నన్ను కొత్త ఇళ్ళు చూపించడానికి తీసుకెళ్ళింది. మొదట కట్టిన ఇళ్ళు ఇంజనీరుగారి ప్లాను ప్రకారం రోడ్డు వైపు తలుపులతో కట్టారు. టేకు తలుపులు, నల్లరాయి మెట్లు. ఆ మెట్ల మీద సైకిళ్ళు, గ్యాసు బండలు, కోళ్ళ గంప. ఇంటివాళ్ళు మాత్రం సందు వైపున్న బాత్రూము పక్క సన్న తలుపులోంచి వంగి వస్తూ పోతూ ఉన్నారు. "ఇంజనీరు సార్ని తీసుకొచ్చి ఇదే చూపించానత్తయ్యా," అంది సునీత. "ఆయన ముందు వైపు తలుపు కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టించుకున్నారు. ఒక్కరూ తియ్యలేదు. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చివరికి ఆయన కూడా బాత్రూము పక్కనించే వచ్చి, సరేలే అమ్మా, మిగతావి మీ ఇష్టం అన్నారు." ఇప్పుడు మిగతా ఇళ్ళకి తలుపు సందులోకి, రోడ్డు వైపు పెద్ద కిటికీ. ఆ కిటికీ నాకు నచ్చింది. నాన్న అడిగింది కూడా ఎవరో విన్నట్టనిపించింది.

మా ఇంటి దగ్గర యేసోబు మేస్త్రీ దారం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. రూతు వదిన తన గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నా చిన్నప్పుడు కొత్తకోడలిగా వచ్చి, మా వెనక గోడనే చూస్తూ కాపురం చేసిన మనిషి. ఇప్పుడు చూపు కొంచెం మసక, నోరు మాత్రం అలాగే ఉంది.

"వచ్చావా. ఎంతసేపు ఉంటావు, ఇప్పుడే పోతావా?" అంది.

"కూర్చోనివ్వవా వదినా?"

"నువ్వు కూచుంటే కదటే! సరే, ఇల్లు కడతావా?"

"కడతాను. తలుపు నువ్వే చెప్పు."

ఆమె వెంటనే చెయ్యి ఊపలేదు. "నా ఎదురుగా పెడితే నేను రోజూ చూడాలి. నువ్వుంటావా అందులో?"

"నెలకి రెండు మూడుసార్లు వస్తాను. పండగలకి వస్తాను. హాస్పిటల్ చెకప్పులు అవీ ఉన్నాయి కదా, విజయవాడ పూర్తిగా వదలడం..."

"తాళం ఏసిన తలుపు చూత్తా కూచోమంటావా?" అంది వదిన. కోపంగా అనలేదు, లెక్క అడిగినట్టు అడిగింది. "ఇన్నేళ్ళు గోడ చూశాను. గోడే నయం, దాన్ని చూసి ఎవరికేమయిందో అని బెంగ పడక్కర్లా. నెలకి రెండుసార్లు వచ్చేదాన్ని చుట్టం అంటారే. చుట్టానికి తలుపెందుకు? మా ఇంటికే రా, మంచమేత్తా, కూర వండుతా. ఉండేదానివైతే చెప్పు, గుమ్మం లేపిత్తా. కాకపోతే ఆ స్థలం ఉండేవాళ్ళకి వదిలెయ్యి."

యేసోబు దారం చుట్టుకుంటూ అటు తిరిగాడు. సునీత "అమ్మా!" అంది. నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ఏళ్ళ తరబడి ఎంతమంది రోగులకి ఎంత చెయ్యలేదు నేను, నాకో తలుపు ఇవ్వడానికి ఇన్ని ప్రశ్నలా అని ఒళ్ళు మండింది. ఆలోచించుకుని చెప్తానని లేచాను. భోజనం చేసి వెళ్ళమంది వదిన. ఆకలి లేదని అబద్ధం చెప్పి ఆటో ఎక్కాను. చుట్టంలా తినడం ఇష్టం లేక.

విజయవాడ వచ్చాక కోపం దిగలేదు. దిగకపోగా ఇంకో వైపు తిరిగింది. మా ఫ్లాటు తలుపుకి ఎదురుగా లిఫ్టు ఉంది. పక్క ఫ్లాటులో ఎవరుంటారో వాళ్ళ చెప్పులు చూసి ఊహించుకోవడమే. చిన్నపిల్లల చెప్పులు ఉండేవి, ఈ మధ్య పెద్దవయ్యాయి. ఒక మధ్యాహ్నం పట్టుదలగా తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. లిఫ్టు వచ్చింది, పోయింది. దిగినవాళ్ళు నన్ను చూసి ఫోన్లోకి చూసుకుంటూ వెళ్ళిపోయారు. కాసేపటికి వాచ్‌మన్ పైకి వచ్చాడు. "మేడమ్, తలుపు తీసుంచారని గ్రూపులో కంప్లైంట్ పెట్టారండీ. దొంగలు తిరుగుతున్నారంట, సేఫ్టీ కాదంటున్నారు. కొంచెం వేసుకోండి మేడమ్," అన్నాడు. పాపం చాలా మర్యాదగా చెప్పాడు. వేసుకున్నాను. వేసుకున్నాక ఆ తలుపు లోపలి వైపు నిలబడి ఏడ్చాను. నాన్న కోసమా, అమ్మ కోసమా, నా కోసమా అని అడిగితే చెప్పలేను.

నేను ఫోన్ చేయడానికి వెనకాడుతుంటే వదినే చేసింది, సునీత ఫోన్ నుంచి. "ఇల్లు పడగొట్టేశారు. ఎవరున్నా పునాది కావాలిగా, అదీ తీశారే. యేసోబు రోజూ నా మొకం చూత్తన్నాడు. ఏం చెప్పమంటావు?"

"తలుపు పెట్టించు వదినా."

"ఉండేదెవరు?"

"నేనే."

అవతల సిమెంటు కలిపే మిల్లరు తిరుగుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో తిడుతున్న చప్పుడు వినిపించాయి. నాకు భయం వేసింది. ఇన్నేళ్ళుగా ఉన్న విజయవాడ వదిలి, ఈ కాళ్ళతో, ఈ తిరుగుడుతో ఒక గుమ్మంలో నేను కుదురుగా ఉండగలనా అని. ఆ భయమే ఆమెతో అన్నాను. "నాకు ఒకచోట కాలు నిలవదు వదినా, నీకు తెలుసుగా. రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టదు. లేచి తిరుగుతూ ఉంటాను."

"పట్టకపోతే తలుపు తీసుకుని కూచో," అంది రూతు వదిన. "నాకూ పట్టదులే."